సెల్‌ఫోన్‌లో మాట పాకేదెలా? కొనేవారు మన గడపకు వచ్చేదెలా?
చాకీ కేంద్రాలు, మల్బరీ నారు పెంచేవారు, మహిళా సంఘాలకు కొన్ని సూచనలు



హోసూరు, డెంకణికోట, తళ్ళి ప్రాంతాలలోను, ఇటు కుప్పం, వి.కోట, పలమనేరు ప్రాంతాలలోను మనం ఏ పల్లెకు వెళ్ళినా ఇప్పుడు ప్రతి రేరింగ్ షెడ్డులో ఒక సెల్‌ఫోన్ ఉంటుంది. చాకీ పురుగులు పెంచేవారు, మల్బరీ నారు అమ్మేవారు, చిలుక బయటకు వెళ్ళిన గూళ్ళతో దండలు కట్టే మహిళా సంఘాల వారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. "వాట్సాప్‌లో పెడితే బేరం వస్తుందా?"

వస్తుంది. అయితే ఫోన్‌లో పెట్టుట ఒక పని, బేరం కుదుర్చుకొనుట మరొక పని. మొదటిది అందరూ చేస్తున్నారు. రెండవది కొద్దిమందే చేస్తున్నారు. ఈ రెండింటి మధ్య ఏమి జరుగుతుందో వివరించుటకే ఈ కరపత్రము.

మన సరుకు నిలవ ఉండేది కాదు. చాకీ పురుగులు రెండవ జ్వరంలో ఉండగానే, ఆ జ్వరం విడిచేలోగా రైతు షెడ్డుకు చేరవలెను. తీసుకొనే రైతు ఆ రోజు దొరకకపోతే పురుగులు ఆకు కోసం ఎదురుచూస్తూ బలహీనపడతాయి, పంట దెబ్బతింటుంది. కనుక సరైన మనిషికి సరైన రోజున కబురు అందడం మనకు సరదా విషయం కాదు, డబ్బు విషయం.

"వైరల్" అనగా ఏమి?

ఈ మాట వైరస్ నుండి వచ్చింది. వైరస్ అంటే ఏమిటో పట్టు రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. గ్రాసరీ వ్యాధి వైరస్ వల్లనే వస్తుంది. తెగులు సోకిన పురుగు కణుపులు ఉబ్బి, చర్మం చిట్లి, పాలవంటి ద్రవం ఆకుపై పడుతుంది. ఆ ఆకు తిన్న పురుగులకు తెగులు అంటుకుంటుంది. వాటి నుండి మరికొన్నింటికి. ఎవరూ మోసుకు వెళ్ళకపోయినా తట్ట నుండి తట్టకు పాకిపోతుంది.

ఫోన్‌లో కబురు కూడా ఇదే తీరులో పాకుతుంది. మీరు పంపిన మాటను అందుకున్నవారే ఇంకొకరికి పంపుతారు. మీకు ఖర్చు లేదు. అందుకే దీనిని వైరల్ అన్నారు. షెడ్డులో మనం వైరస్‌ను అరికట్టడానికి చూస్తాము. ఫోన్‌లో మాత్రం మంచి కబురు పాకాలని కోరుకుంటాము. రెండు చోట్లా లెక్క ఒక్కటే.

పాకుడు లెక్క

ఉదాహరణకు మీరు 20 మందికి కబురు పంపి, ఒక్కొక్కరు మరో 5 మందికి పంపారనుకుందాము. 100 మందికి చేరింది. ఆ 100 మందిలో 10 మంది మాత్రమే మళ్ళీ 5 మందికి పంపితే 50 మందికి చేరుతుంది. వారిలో 5 మంది పంపితే 25 మందికి. ఆ తరువాత 12, 6 అంటూ తగ్గి, మొత్తం 200 మంది దగ్గర కబురు ఆగిపోతుంది.

అదే 100 మందిలో 30 మంది ముందుకు పంపితే? తరువాతి మెట్టున 150 మంది, ఆపైన 225 మంది, ఇలా పెరుగుతూనే పోతుంది. తేడా ఎక్కడ ఉంది? కబురు అందుకున్న ఒక్కొక్కరి ద్వారా సగటున ఒకరికంటే ఎక్కువ మందికి చేరితే కబురు పెరుగుతుంది. ఒకరికంటే తక్కువైతే ఆరిపోతుంది. మొదట ఎంతమందికి పంపారన్నదానికన్నా, అందుకున్నవారికి దానిని ముందుకు పంపాలని అనిపించిందా లేదా అన్నదే ముఖ్యము.

చెన్నై నుండి మొదటి పాఠము: పాలుపంచుకొనుట సులువుగా ఉండవలెను

2015 ఆగస్టు 7వ తేదీన చెన్నైలో, మద్రాసు విశ్వవిద్యాలయం శతాబ్ది సభా మందిరంలో, మొదటి జాతీయ చేనేత దినోత్సవాన్ని ప్రధానమంత్రి ప్రారంభించారు. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైనందున ఆ రోజును ఎంచుకున్నారు. సభ జరిగింది, పత్రికలలో వచ్చింది.

మరుసటి సంవత్సరం, 2016 ఆగస్టు 1న, అప్పటి కేంద్ర జౌళి శాఖ మంత్రి స్మృతి ఇరానీ తాను చేనేత చీర కట్టిన ఫోటోను ట్విట్టర్‌లో పెట్టారు. "నేను చేనేత ధరిస్తాను" అనే అర్థం వచ్చే గుర్తుమాటను జోడించి, మీరూ పెట్టండి అని పిలుపునిచ్చారు. కొద్ది రోజులలోనే సినిమా తారలు, క్రీడాకారులు, మామూలు ఉద్యోగులు, గృహిణులు తమ తమ ఫోటోలు పెట్టారు. అంతకుముందు 2015లోనే బెంగుళూరుకు చెందిన ఇద్దరు స్నేహితురాళ్ళు, ఏడాదిలో నూరుసార్లు చీర కట్టి దాని కథ చెప్పాలనే ఒప్పందం పెట్టుకున్నారు. అది కూడా ఇదే విధంగా దేశమంతా పాకింది.

ఎందుకు పాకాయి? పాల్గొనాలంటే కొత్తగా ఏమీ కొననక్కరలేదు. బీరువాలో ఉన్న చీర చాలు. ఫోటో పెట్టినవారికి గౌరవం కలుగుతుంది. ప్రతి ఫోటోలోను "మరి మీరో?" అనే ప్రశ్న దాగి ఉంటుంది. చూసినవారు ఊరుకోలేరు.

మనము నేర్చుకోవలసినది ఇది. "మా దగ్గర నారు ఉంది, కొనండి" అనే కబురును ఎవరూ ముందుకు పంపరు. "మా తోటలో వి-1 నారు నాటి ఆరు నెలలు. ఆకు ఇలా ఉంది. మీ తోట ఎలా ఉంది? ఫోటో పెట్టండి" అంటే పది తోటల ఫోటోలు వస్తాయి. ఆ పది మందికీ మీ నారు సంగతి తెలుస్తుంది.

చెన్నై నుండి రెండవ పాఠము: ఆకు చూసుకొని గుడ్లు తెచ్చుకోవలెను

చెన్నై కేంద్రంగా ఉన్న జోహో సంస్థ 2021 జనవరిలో "అరట్టై" అనే సందేశాల యాప్‌ను విడుదల చేసింది. అరట్టై అంటే తమిళంలో పిచ్చాపాటి అని అర్థము. నాలుగేళ్ళకు పైగా దానిని వాడినవారు తక్కువే. 2025 సెప్టెంబరులో స్వదేశీ యాప్‌లు వాడమని కేంద్ర మంత్రులు పిలుపునిచ్చారు. దానితో ఒక్కసారిగా జనం విరుచుకుపడ్డారు. రోజుకు సుమారు 3 వేల మంది చేరే చోట, మూడు రోజులలో రోజుకు 3.5 లక్షల మంది చేరడం మొదలయిందని సంస్థ వ్యవస్థాపకులు శ్రీధర్ వెంబు స్వయంగా ప్రకటించారు. అంటే నూరు రెట్లకు పైమాటే.

మరి ఆ జోరు తట్టుకోవడానికి సంస్థ రాత్రింబగళ్ళు యంత్రాలు పెంచుకోవలసి వచ్చింది. పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ వ్రాత సందేశాలకు అప్పటికి లేదు. చేరినవారిలో చాలామంది దాని గురించే అడిగారు. ఆ రక్షణ తరువాత వచ్చింది. ఈలోగా మొదటి ఉత్సాహం కొంత చల్లబడింది.

ఇందులో తప్పొప్పులు ఎంచడం మన పని కాదు. మనకు కావలసినది పాఠము. జనం వచ్చేది ఒక్కసారే వస్తారు, వచ్చిన రోజున మనం సిద్ధంగా ఉండవలెను. ఆకు ఎంత ఉందో చూసుకోకుండా గుడ్లు తెచ్చుకున్న రైతు నాలుగవ జ్వరం దాటాక ఆకు కోసం ఊరూరా తిరగవలసి వస్తుంది. అలాగే 500 గుడ్లకు సరిపడా చాకీ పురుగులు ఉన్నవారు 5 వేల గుడ్లకు సరిపడా కబురు వదలరాదు. ఒకసారి "లేదు, అయిపోయాయి" అనిపించుకున్న రైతు మరల ఫోన్ చేయడు. పైగా నలుగురికి చెబుతాడు. ఆ మాట ఇంకా వేగంగా పాకుతుంది.

మూడవ పాఠము: కౌలు పొలంలో బావి త్రవ్వరాదు

బెంగుళూరులో చదువుకున్న సబీర్ భాటియా, తన మిత్రుడు జాక్ స్మిత్‌తో కలిసి 1996 జులైలో అమెరికాలో హాట్‌మెయిల్ అనే ఉచిత ఉత్తరాల సేవను ప్రారంభించారు. వెళ్ళే ప్రతి ఉత్తరం అడుగున "మీరూ ఉచితంగా పొందండి" అనే భావం గల ఒక్క వాక్యం ఉండేది. ఉత్తరం వ్రాసిన ప్రతివారూ తెలియకుండానే ప్రచారకులయ్యారు. ఏడాదిన్నరలో వాడుకరులు 80 లక్షలు దాటారు. మన బిల్లు పుస్తకం అడుగున, చాకీ తట్టల మీద కేంద్రం పేరు, ఫోన్ నంబరు అచ్చువేయించుటకూ దీనికీ తేడా లేదు. చేసిన పనే ప్రచారం కావలెను.

2007 మే నెలలో ఫేస్‌బుక్ తన వేదికపై ఇతరులు కూడా ఆటలు, యాప్‌లు పెట్టుకోవడానికి అనుమతించింది. స్నేహితులకు ఆహ్వానాలు పంపించడం ద్వారా కొన్ని యాప్‌లకు వారాలలో లక్షల మంది చేరారు. తరువాతి సంవత్సరాలలో ఆ ఆహ్వానాలతో జనం విసిగిపోగా ఫేస్‌బుక్ నియమాలు బిగించింది. దానినే నమ్ముకున్న యాప్‌లు చాలా వరకు వాడిపోయాయి. పొలం ఆసామిది, బావి మాత్రం కౌలుదారుడు త్రవ్వినట్లయింది.

కాబట్టి వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ ఏదైనా వాడండి. కాని మిమ్మల్ని అడిగినవారి పేర్లు, ఊళ్ళు, నంబర్లు మీ సొంత నోటు పుస్తకంలో ఉండవలెను. ఫోన్ పోయినా, గ్రూపు మూతపడినా ఆ పుస్తకం మిగులుతుంది.

చూసినవారు, అడిగినవారు, కొన్నవారు

ఇల్లు అలకగానే పండుగ కాదు. కబురు వందలమంది చూశారంటే అమ్మకం అయినట్లు కాదు. లెక్క కోసం ఒక చాకీ కేంద్రం కబురును 300 మంది చూశారనుకుందాము. వారిలో 24 మంది ఫోన్ చేసి అడిగారు. ఆ 24 మందిలో తోటలో ఆకు, శుద్ధి చేసిన షెడ్డు, మీరు చెప్పిన తేదీకి కుదిరే వీలు ఉన్నవారు 9 మంది. బయానా ఇచ్చినవారు 6 గురు.

చూసిన 300 మందిని 600 చేయాలని అందరూ తాపత్రయపడతారు. కాని మధ్యలోని ఆ 24 మందిని సరిగా పట్టించుకుంటే 6 గురు 12 మంది అవుతారు. ఇందులో రెండవ దారే సులువు. జల్లెడలో పోసే ధాన్యం పెంచే ముందు జల్లెడ కంతలు చూసుకోవలెను.

అందుకు పాటించవలసిన పద్ధతులు:

1. అడిగిన ప్రతివారి వివరాలు అదే రోజు పుస్తకంలో వ్రాయండి. పేరు, ఊరు, నంబరు, ఎన్ని ఎకరాల తోట, ఎన్ని గుడ్లకు పురుగులు కావాలి, ఏ తేదీకి కావాలి అనే ఆరు గడులు చాలు.

2. అడిగిన రోజు సాయంత్రం లోపు తప్పక జవాబు చెప్పండి. లేకపోతే "ఈసారి లేవు, వచ్చే పంటకు 20వ తేదీన ఉంటాయి" అని చెప్పండి. లేదని చెప్పడం తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు.

3. ఈ పంటకు కుదరనివారికి వచ్చే పంటకు పది రోజుల ముందు మీరే ఫోన్ చేయండి. ఒక మల్బరీ తోట ఏడాదికి పలు పంటలు ఇస్తుంది. ఒకసారి అడిగిన రైతు ఏడాది పొడుగునా మీకు కొనుగోలుదారే.

4. పురుగులు తీసుకున్న రైతుకు మూడవ జ్వరం సమయంలో ఒకసారి ఫోన్ చేసి పంట ఎలా ఉందో కనుక్కోండి. అతని నోటి మాటకు మించిన ప్రకటన లేదు.

కబురు ఎలా ఉండవలెను?

మంచి కబురులో ఐదు సంగతులు ఉండవలెను. ఏమి ఉంది, ఎంత ఉంది, ఏ తేదీకి సిద్ధం, ఎక్కడ, ఎప్పటిలోగా చెప్పాలి. నమూనా ఈ క్రింద ఇస్తున్నాము.

"బైవోల్టిన్ చాకీ పురుగులు. 14వ తేదీ ఉదయం 6 గంటలకు రెండవ జ్వరంలో అందజేస్తాము. మొత్తం 1,500 గుడ్లకు సరిపడా ఉన్నాయి, అందులో 900 మాట అయిపోయింది. నమోదైన చాకీ కేంద్రం. కావలసినవారు 10వ తేదీ సాయంత్రం లోపు ఈ నంబరుకు చెప్పవలెను."

చాకీ పెంపకందారులు 2006లో సవరించిన కేంద్ర పట్టు మండలి చట్టం ప్రకారం నమోదు కావలసి ఉన్నది. నమోదు సంఖ్యను కబురులో చేర్చుట వలన నమ్మకం పెరుగుతుంది. కబురుతోపాటు తట్టలో పురుగుల ఫోటో ఒకటి, అదే రోజు తీసినది, పెట్టండి. ఇతరుల ఫోటో పెట్టరాదు.

మన సరిహద్దు పల్లెలలో మరొక సంగతి ఉన్నది. ఇంట్లో తెలుగు మాట్లాడేవారిలో చాలామంది బడిలో తమిళమో కన్నడమో చదువుకున్నారు. తెలుగు అక్షరాలు వారికి రావు. అందుచేత వ్రాతతోపాటు అర నిమిషం మాట కూడా రికార్డు చేసి పంపండి. పక్క రాష్ట్రపు రైతుకు, చదువు రాని అవ్వకు కూడా అది చేరుతుంది. తేదీ, పరిమాణం రెండుసార్లు చెప్పండి.

వాట్సాప్‌లో వ్యాపారులకోసం ప్రత్యేక యాప్ 2018 జనవరి నుండి మన దేశంలో ఉచితంగా దొరుకుతున్నది. అందులో సరుకుల పట్టిక పెట్టుకోవచ్చును. అడిగినవారికి, బయానా ఇచ్చినవారికి వేరువేరు గుర్తులు పెట్టుకోవచ్చును. ఇంటి నంబరుకు బదులు దానికొక ప్రత్యేక నంబరు వాడండి. మహిళా సంఘాలు ఏ ఒక్కరి సొంత నంబరూ ఇవ్వక సంఘం నంబరే ఇవ్వవలెను.

ఎవరినీ అడగకుండా గ్రూపులో చేర్చరాదు. ఒకేసారి వేలమందికి సందేశాలు పంపుతామనే సాధనాలను కొనరాదు. అందుకున్నవారు ఫిర్యాదు చేస్తే మీ నంబరే నిలిచిపోతుంది.

పట్టుగూళ్ళ విషయంలో ప్రత్యేక గమనిక

పైన చెప్పినదంతా చాకీ పురుగులు, నారు, దండలు వంటి వాటికి. పట్టుగూళ్ళకు ప్రభుత్వ మార్కెట్టే దారి. అక్కడ నలుగురి ఎదుట వేలం, సరైన తూకం, రశీదు ఉంటాయి. "మీ ఇంటి వద్దకే వచ్చి ఎక్కువ ధర ఇస్తాము" అని ఫోన్‌లో వచ్చే మాటలకు లోబడి సరుకు ఇచ్చి, సొమ్ము కోసం తిరగవలసిన స్థితి తెచ్చుకోవద్దు.

ధరల పేరిట వచ్చే ఫోటోలను కూడా నమ్మే ముందు తేదీ చూడండి. పాత పట్టికకు కొత్త తేదీ తగిలించుట కష్టమైన పని కాదు. "రేపు ధర పడిపోతుంది" అనే కబురు వస్తే దాని వల్ల ఎవరికి లాభమో ఆలోచించండి. గూడు అల్లిన పది పన్నెండు రోజులకు చిలుక గూడు చీల్చుకొని వస్తుంది. భయపడి తొందరగా కోసినా నష్టమే, ఆశపడి ఆపినా నష్టమే. మార్కెట్ కార్యాలయానికి ఒక్క ఫోన్ చేస్తే నిజం తెలుస్తుంది.

జాగ్రత్తలు

1. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే పుకారు ఫోన్ల ద్వారా పాకి, తమిళనాడుతో సహా పలు రాష్ట్రాలలో అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాతనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి చేసింది. రెండు బాణాల గుర్తు ఉన్న సందేశం చాలాసార్లు చేతులు మారినదని అర్థము. పాకినంత మాత్రాన నిజం కాదు. పురుగుల తెగుళ్ళ గురించి, మందుల గురించి ఇట్టి సందేశాలు వస్తే ముందుకు పంపక సాంకేతిక సేవా కేంద్రంలో చూపించండి.

2. "బయానా పంపుతున్నాను, ఈ గుర్తును స్కాన్ చేసి మీ రహస్య సంఖ్య నొక్కండి" అని ఎవరైనా అంటే అది మోసము. సొమ్ము పంపడానికే రహస్య సంఖ్య కావాలి. అందుకొనుటకు ఎన్నడూ అక్కరలేదు. మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

3. ఆధార్, బ్యాంకు పుస్తకం ఫోటోలను గ్రూపులలో పెట్టరాదు.

4. చీరల ఫోటోలు ముందుకు పంపేవారు "అసలు పట్టు" అని తమ మాటగా చెప్పే ముందు సిల్క్ మార్క్ చీటీ ఉన్నదో లేదో చూడండి. అసలు పట్టుకు గుర్తుగా కేంద్ర పట్టు మండలి 2004లో దీనిని తెచ్చింది. నకిలీ పట్టు అమ్ముడుపోయిన ప్రతిచోటా నష్టపోయేది చివరకు గూడు పండించిన రైతే.

ముగింపు

వచ్చే పంటకు ఒక్క ప్రయత్నం చేయండి. ఒక నోటు పుస్తకం కొని ఆరు గడులు గీయండి. పైన ఇచ్చిన నమూనాలో ఒక కబురు తయారు చేసి, మీకు బాగా తెలిసిన 20 మంది రైతులకు మాత్రమే పంపండి. ఎందరు అడిగారు, ఎందరు తీసుకున్నారు, ఎవరి ద్వారా వచ్చారు అని వ్రాసుకోండి. మూడు పంటల తరువాత ఆ పుస్తకం తిరగేస్తే మీకు బేరాలు తెచ్చిపెట్టే మనుషులెవరో స్పష్టంగా కనబడుతుంది. వారిని కనిపెట్టుకొని ఉండండి.

మరిన్ని వివరములకు, కబురు తయారు చేసుకొనుటలో సహాయమునకు మీ సమీపంలోని పట్టు పరిశ్రమ శాఖ సాంకేతిక సేవా కేంద్రమును సంప్రదించగలరు.